ఆర్‌సీ కార్లకు హెక్స్ డ్రైవర్లు: రెండేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

రెండేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం మైపాడు తీరంలో మా ఆర్‌సీ కారు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కారు, పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, చక్రాలు మాత్రం కదలడం లేదు. విప్పి చూస్తే మోటారు కడ్డీ మీది పినియన్ గేరు వదులైపోయి, కడ్డీ ఎంత తిరిగినా తాను మాత్రం కదలకుండా కూర్చుంది. ఆ గేరును కడ్డీకి పట్టి ఉంచేది తల లేని 3 మి.మీ. గ్రబ్ స్క్రూ ఒక్కటే. దాన్ని బిగించడానికి 1.5 మి.మీ. హెక్స్ డ్రైవర్, అంటే ఆరు పలకల కొన ఉన్న స్క్రూడ్రైవర్, కావాలి. డ్రైవర్ నా సంచిలోనే ఉంది. స్క్రూలో పెట్టి తిప్పాను, కిర్రుమని జారింది. ఇంకొంచెం అదిమిపట్టి తిప్పాను, మళ్లీ జారింది. బయటికి తీసి వెలుతురుకు పెట్టి చూస్తే, కొనకు ఉన్న ఆరు మూలలూ అరిగిపోయి పెన్సిలు ములుకులా గుండ్రంగా తయారయింది. స్క్రూ లోపలి గుంట కూడా అలాగే ఉంది. ‘ఇంక ఇంటికి పోదామా నాన్నా’ అని మా అబ్బాయి అడిగాడు. పోక తప్పలేదు.

మోటారు గురించీ బ్యాటరీ గురించీ పూటలకు పూటలు చదివి కొన్న నేను, ఈ డ్రైవర్ల విషయంలో మాత్రం రంగు చూసి కొన్నాను. ఊదారంగు అల్యూమినియం పిడులు, బంగారు రంగు కొనలు, నాలుగు సైజులు కలిపి ఆరు వందల రూపాయలు. తయారు చేసినవారి పేరు కొన మీదా లేదు, పెట్టె మీదా లేదు. ఆ బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత అని అమ్మకందారు రాసుకున్నాడు. నిజమే కావచ్చు, కానీ ఆ పూత మైక్రాన్లలో కొలిచేంత పలుచన, దాని అడుగున ఉన్న ఉక్కు మెత్తనిదైతే పైన పూసింది ఏమీ కాపాడలేదు. ఇత్తడి చెంబుకు బంగారు నీరు పోసినంత మాత్రాన చెంబు బరువు పెరగదు కదా. ఆ తర్వాత ఈ రెండేళ్లలో నాలుగు రకాల పనిముట్లు వాడి చూశాను, కొన్నిటిని పాడు చేశాను, కొన్నిటిని ఇప్పటికీ వాడుతున్నాను. ఏది ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు నిలవలేదో రాస్తే నెల్లూరు, ఒంగోలు వైపు ఇదే సరదా ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు ఆ అరిగిపోయిన కొన సంగతి తేల్చుకోవాలనిపించి, దాన్నీ సెట్టులోని మిగతా మూడింటినీ పట్టుకుని ఆటోనగర్‌లో లేత్ మెషిన్ నడిపే ఒక పరిచయస్తుడి దగ్గరికి వెళ్లాను. ఆయన మైక్రోమీటరు తీసి, అంతగా వాడని 2.0 సైజు కొనను ఎదురెదురు చదునుల మధ్య కొలిస్తే 1.93 వచ్చింది. ఆ తర్వాత ఆకురాయి తీసుకుని కొనకు కాస్త పైన మూల మీద ఒక్కసారి లాగాడు. మెరిసే గీత పడింది, సన్నని ఇనుప పొడి రాలింది. ‘ఇదేంది సార్, మేకు ఇనుం మాదిరి ఉండాదే! దీనికి పానం పెట్టినోడెవుడు?’ అన్నాడు. నాకు అంతవరకూ తట్టని రెండు పరీక్షలను ఆయన రెండు నిమిషాల్లో చేసి చూపించాడు. మంచి పనిముట్టు ఉక్కు మీద ఆకురాయి పట్టదు, గాజు మీద లాగినట్టు జారిపోతుంది. కొడవలికైనా కత్తికైనా పానం, అంటే ఉక్కును కాల్చి ముంచి గట్టిపరచడం, సరిగా కుదిరిందా లేదా అని కమ్మరులు చూసేది కూడా ఇంచుమించు ఈ విధంగానే.

ఇక కొలత విషయం. అల్లెన్ కీలకు, అంటే ఇదే ఆరు పలకల కొనతో ‘ఎల్’ ఆకారంలో వంచిన కీలకు, ఐఎస్ఓ 2936 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 2.0 సైజు కీ మందం 1.96కు తగ్గకూడదు, 2.00 దాటకూడదు. ఆ కీ దూరవలసిన స్క్రూ గుంట 2.02 నుంచి 2.08 వరకు ఉండవచ్చు. అంటే సక్రమంగా తయారైన కీకీ గుంటకీ మధ్య కూడా కొంత ఖాళీ ఉండనే ఉంటుంది, లేకపోతే కీ దూరదు. చిక్కు ఎక్కడంటే, ఆ ఖాళీ పెరిగే కొద్దీ కీ గుంటలో వట్టిగా తిరిగే కోణం పెరుగుతుంది, చివరికి దాని మూలలు మాత్రమే గుంట గోడలను గుచ్చుకుంటాయి. 2.05 గుంటలో 1.99 కీ పెడితే సుమారు 3 డిగ్రీలు తిరిగి పట్టు దొరుకుతుంది. అదే గుంటలో నా దగ్గరి 1.93 కీ పెడితే దాదాపు 7 డిగ్రీలు తిరిగాక గానీ తగలదు. ఆ కోణంలో తగిలిన మూల గోడను నెట్టడానికి బదులు గోడ మీద పాకడం మొదలుపెడుతుంది. ఇక మెత్తని ఉక్కు అయితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మిల్లీమీటరులో నూరో వంతుల తేడా మన కళ్లకు కనిపించదు గనుక దుకాణంలో అన్ని డ్రైవర్లూ ఒకటిగానే అనిపిస్తాయి, నాకూ అలాగే అనిపించాయి.

కొనబోయే ముందు తమ కారులో ఏ సైజు స్క్రూలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోవడం మంచిది. అసలు కారులో పదో వంతు సైజులో చేసే ఆర్‌సీ కార్లలో ఎక్కువ భాగం 3 మి.మీ. స్క్రూలే ఉంటాయి. ఆ ఒకే మందం స్క్రూకు తల ఆకారాన్ని బట్టి కీ సైజు మారిపోతుంది: పొడవాటి స్తంభం లాంటి తల అయితే 2.5, గుండీ తల అయినా చదునుగా లోపలికి దిగిపోయే తల అయినా 2.0, తల లేని గ్రబ్ స్క్రూ అయితే 1.5. స్క్రూ మందం 4 మి.మీ. అయితే స్తంభపు తలకు 3.0 కావాలి. మా కారులో లెక్కపెట్టి చూస్తే సగానికి పైగా 2.0వే వచ్చాయి, ఆ తర్వాత 2.5, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని 1.5, రెండో మూడో 3.0. కాబట్టి నాలుగు డ్రైవర్లకూ సమానంగా డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. 2.0కూ 1.5కూ మంచివి కొని, 3.0కు మామూలుది సరిపెట్టుకోవచ్చు. 2.0ది ఎక్కువ పని చేస్తుంది, 1.5ది ఎక్కువ కష్టం అనుభవిస్తుంది.

ఆ కష్టం గురించి ఒక మాట చెప్పాలి. మెలితిప్పే బలాన్ని తట్టుకునే శక్తి కడ్డీ మందపు ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చేదాన్ని బట్టి, పెరుగుతుంది. 1.5కూ 2.0కూ తేడా అర మిల్లీమీటరే అయినా, ఒకే ఉక్కుతో చేసినవైతే 2.0ది రెండు రెట్లకు పైగా బలమైనది; 2.5ది 1.5 కంటే నాలుగున్నర రెట్లు. చాలా సెట్లలో మాత్రం నాలుగింటికీ ఒకే లావు పిడి తగిలిస్తారు. ఆ లావు పిడిని గుప్పెటతో పట్టుకుని 1.5 కొనను తిప్పితే, ఆ కొన ఓర్చుకోగలిగిన దానికంటే ఎక్కువ బలం మనకు తెలియకుండానే దాని మీద పడుతుంది. ఇప్పుడు నేను 1.5ను మూడు వేళ్లతో తప్ప గుప్పెటతో పట్టుకోను.

నాలుగు పనిముట్ల సంగతి ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదట కొన్నది టపారియా వారి అల్లెన్ కీల సెట్టు. చిన్న బజారు వైపు ఉన్న ఒక హార్డ్‌వేర్ కొట్టులో అడిగితే, ‘ఎల్ఎన్ కీ సెట్టుగానే వస్తాది సార్, ఒకటీ అరా ఇయ్యలేం’ అన్నాడు. అమెరికాలో 1910లో పేటెంటు తీసుకున్న అల్లెన్ అనే ఆయన పేరు మన హార్డ్‌వేర్ కొట్లకు వచ్చేసరికి రెండు ఇంగ్లీషు అక్షరాలైపోయింది. ఆ పేరుతో అడిగితేనే త్వరగా దొరుకుతుంది కూడా. పెద్ద సైజులు మోటారు సైకిళ్లకూ, రొయ్యల చెరువుల ఏరేటర్లకూ పోతాయి కాబట్టి విడిగా పెట్టి ఉంచుతారట, 1.5నూ 2.0నూ ఎవరూ అడగరట. నాసిక్‌లో తయారయ్యే ఈ సెట్టులో 1.5 నుంచి 10 వరకు తొమ్మిది కీలు ఉంటాయి. ఇది ‘ఎల్’ ఆకారపు కీ, డ్రైవర్ కాదు; కారు అడుగు పలకలోని ఇరవై స్క్రూలు దీనితో విప్పాలంటే వేళ్లు నొప్పి పుడతాయి, ఒక్కో స్క్రూకు పావు చుట్టు చొప్పున తీసి పెట్టి తీసి పెట్టి చేయాలి. కానీ ఉక్కు మంచిది. మొండికేసిన స్క్రూను మొదటి చుట్టు కదిలించడానికి పొట్టి చేతిని గుంటలో పెట్టి పొడవు చేతిని పట్టుకుని నొక్కితే, పిడి ఉన్న డ్రైవర్‌తో రాని పట్టు దీనితో వస్తుంది. మా కారులోని 3.0 స్క్రూలన్నిటికీ ఇప్పటికీ ఇదే వాడుతున్నాను. ఈ సరదా ఇప్పుడే మొదలుపెట్టినవారు కారుతో పాటు వచ్చిన కీలను పక్కన పెట్టి ఇది కొనుక్కుంటే, ఆరు నెలల దాకా మరొకటి కొననక్కరలేదు.

రెండోది వెరా వారి తొమ్మిది కీల సెట్టు. జర్మనీలోని వుప్పర్టాల్ పట్టణానికి చెందిన ఈ కంపెనీ కీలకు హెక్స్ ప్లస్ అనే ఆకారం ఇస్తుంది. పైన చెప్పినట్టు మామూలు కీ మూలలతో గుంట గోడలను గుచ్చుతుంది. ఇందులో ఆ మూలల దగ్గర కొద్దిగా సవరించి, బలమంతా మూల మీద కాకుండా దాని పక్కనున్న చదును మీద పడేటట్టు చేశారు. చదివినప్పుడు అమ్మకపు మాటలే అనుకున్నాను. తర్వాత, పాత సెట్టుతో సగం పాడు చేసి వదిలేసిన రెండు గుండీ తల స్క్రూల మీద దీన్ని ప్రయత్నించాను. ఒకటి కదిలింది, రెండోది కదలలేదు. సగం పాడైన గుంటలో కూడా పట్టు దొరకడం అనేది అరుదు కాబట్టి నా దృష్టిలో అది మంచి ఫలితమే. దీని పొడవు చేతికి బాల్ కొన ఉంటుంది, దాని గురించి కింద చెబుతాను. రంగు రంగుల తొడుగులు ఉన్న రకం తీసుకుంటే రాత్రిపూట దీపం వెలుతురులో 2.0నూ 2.5నూ తికమక పడే బాధ తప్పుతుంది. నలభై దాటిన కళ్లకు ఇది చిన్న ఉపకారం కాదు.

మూడోది ఎంఐపీ డ్రైవర్లు. కాలిఫోర్నియాలోని కొవీనా అనే ఊరి కంపెనీ ఇది, ఆర్‌సీ కార్ల విడిభాగాలూ పనిముట్లే వారి వ్యాపారం. ఒక్క డ్రైవర్ ధరకు నా ఊదారంగు సెట్లు రెండు మూడు వస్తాయి, పైగా నెల్లూరులో దొరకదు; చెన్నైకో హైదరాబాదుకో చెప్పి తెప్పించుకోవాలి. అందుకే సెట్టు మొత్తం కొనకుండా 1.5, 2.0, 2.5 మూడే కొన్నాను. వచ్చిన రోజే ఆటోనగర్‌కు తీసుకువెళ్లాను. 2.0 కొన కొలిస్తే 1.99 వచ్చింది. ఆకురాయి పెట్టబోతే నేను వద్దన్నాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు. కొత్త స్క్రూలో దీన్ని దింపితే బిగుతుగా, చప్పుడు లేకుండా అడుగు దాకా దిగి కూర్చుంటుంది. స్క్రూను కొనకు తగిలించి తలకిందులుగా పట్టుకున్నా పడిపోదు. డ్రైవర్‌లో ఆ పట్టు ఒక్కసారి అలవాటైన తర్వాత మళ్లీ వదులు కొనతో పని చేయాలంటే చేయి ఒప్పదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది కొనను మార్చుకునే వీలు. కొన పిడిలో ఒక చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది, అరిగితే కొన ఒక్కటే విడిగా కొని వేసుకోవచ్చు. ఆ స్క్రూను విప్పడానికి మళ్లీ ఒక హెక్స్ కీ కావాలి, అది వేరే సంగతి. రెండేళ్లలో 2.0నూ 2.5నూ మార్చవలసిన అవసరం రాలేదు. పద్నాలుగు నెలలు గడిచాక 1.5 కొన మూలలు వేలికి తగలడం మానేశాయి, అప్పుడు దాన్ని ఒక మి.మీ. మేర సాన పట్టి మళ్లీ వాడుకలోకి తెచ్చాను. నచ్చని సంగతి పిడి. అల్యూమినియం మీద గరుకు గీతలు చెక్కి ఉన్నా, రోహిణీ కార్తెలో చెమట పట్టిన చేతికి, అందులోనూ డిఫరెన్షియల్ గ్రీజు అంటిన చేతికి అది జారుతుంది. నేను సైకిలు ట్యూబు ముక్క కోసి తొడిగాను. చూడడానికి బాగుండదు, పనికి బాగుంటుంది.

నాలుగోది నాది కాదు. ఒంగోలులో కొత్తపట్నం ఇసుకలో కారు నడిపే ఒక మిత్రుడి దగ్గర స్లొవేకియాలోని ట్రెన్చిన్‌లో తయారయ్యే హూడీ డ్రైవర్లు ఉన్నాయి. నెల రోజుల పాటు 2.0, 2.5 అరువు తెచ్చుకుని వాడాను. కొన పట్టులో ఎంఐపీకీ దీనికీ నాకు తేడా తెలియలేదు. బరువు ఇంకా సమంగా ఉంటుంది, బల్ల మీద పెట్టి రెండు వేళ్లతో గిర్రున తిప్పితే స్క్రూ దానంతటదే దిగుతున్నట్టు ఉంటుంది. దీనికి కూడా కొనలు విడిగా దొరుకుతాయి. ధర మాత్రం ఇంకో మెట్టు పైన. పోటీలకు వెళ్లి, రెండు పరుగుల మధ్య పది నిమిషాల్లో కారు విప్పి బిగించేవారికి ఆ డబ్బు గిట్టుబాటు కావచ్చు. ఆదివారం పెన్నా ఇసుకలో నడుపుకునే నాలాంటివారికి కాదు.

ఇప్పుడు బాల్ కొన సంగతి. కొనను చిన్న బంతిలా చెక్కి, వెనక మెడను సన్నం చేస్తారు. అందువల్ల నిటారుగా చేయి పట్టని చోట కూడా సుమారు 25 డిగ్రీల వాలులో స్క్రూను తిప్పవచ్చు. మోటారు బిగించే స్క్రూల దగ్గర, గేరు పెట్టె పక్కన, ఇది ఎంతో సుఖం. కానీ ఆ మెడ దగ్గర ఉక్కు తక్కువ, గుంట గోడను తాకే భాగం ఇంకా తక్కువ. అందుకని వదులైన స్క్రూను గబగబా తిప్పడానికి మాత్రమే దీన్ని వాడాలి. మొదట కదిలించడానికీ చివర బిగించడానికీ సూటి కొనే వాడాలి. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒక రాత్రి బద్ధకించి, లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) వేసి బిగించిన మోటారు స్క్రూను 2.5 బాల్ కొనతో తీయబోయాను. టిక్కుమని ఒక చప్పుడు, చేతిలోని డ్రైవర్ ఒక్కసారిగా తేలికైపోయింది. ఆవగింజంత ఉక్కు బంతి స్క్రూ గుంటలో ఇరుక్కుని మెరుస్తోంది. అయస్కాంతంతో రాలేదు, సూదితో రాలేదు; చివరికి మోటారు పలకను మొత్తం విప్పి, స్క్రూ తలను వెనక నుంచి ప్లయరుతో పట్టి తీయవలసి వచ్చింది. అది పనిముట్టు లోపం కాదు గనుక దాని పేరు ఇక్కడ రాయడం లేదు.

లాక్‌టైట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. లోహంలోకి దిగే లోహపు స్క్రూకు నీలం రకం, అంటే 243 వంటిది, ఒక చుక్క చాలు. అది మామూలు కీతో మళ్లీ విప్పడానికి వీలుగా తయారైనది. ఎర్ర రకాన్ని ఈ చిన్న స్క్రూలకు వేస్తే, 250 డిగ్రీల వేడి చూపిస్తే గానీ అది వదలదు, అంత వేడికి ముందు మన ప్లాస్టిక్కు కరుగుతుంది. ప్లాస్టిక్కులోకి దిగే స్క్రూకు ఏదీ అవసరం లేదు. నీలందైనా బాగా పట్టేసి ఉంటే, సోల్డరింగ్ ఐరన్ మొనను అర నిమిషం స్క్రూ తలకు ఆనించి ఆ తర్వాత తిప్పితే డ్రైవర్ మీద భారం సగం తగ్గుతుంది. నేను చూసినంతవరకు డ్రైవర్లు పాడయ్యేది ఎక్కువగా ఈ దశలోనే. వేడి చేయడానికి ఓపిక లేక, బలంతో నెగ్గుదామనుకుంటాం.

మన తీరప్రాంతంలో దీనికి తోడు ఇంకో శత్రువు ఉంది, ఇసుక. మైపాడు వెళ్లి వచ్చిన కారు అడుగు పలక చూస్తే, ప్రతి స్క్రూ గుంటా తడి ఇసుకతో నిండి, ఆరిన తర్వాత ఉప్పుతో కలిసి గట్టిపడి ఉంటుంది. ఆ గుంటలో డ్రైవర్ పెడితే రెండు మి.మీ. దిగవలసిన కొన ఒకటే దిగుతుంది, కానీ చేతికి దిగినట్టే అనిపిస్తుంది. అప్పుడు ఎంత మంచి ఉక్కు అయినా అంచుతో పట్టుకుని తిరుగుతుంది, గుంట నోటిని కొరుకుతుంది. నా మొదటి సెట్టు అంత త్వరగా పాడవడానికి దాని మెత్తదనం ఎంత కారణమో, నా ఈ తొందరపాటు కూడా అంతే కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను. ఇప్పుడు విప్పే ముందు ప్రతి స్క్రూ గుంటనూ గుండుసూదితో గీరి, పాత టూత్‌బ్రష్షుతో దులిపి, మొండిగా ఉన్నదానికి ఒక చుక్క డబ్ల్యూడీ-40 వేసి, ఐదు నిమిషాలు ఆగుతాను. మా అబ్బాయి ఈ గుండుసూది పనిని తన వాటాగా తీసుకున్నాడు. ఒక్కో గుంటలోంచి ఎన్ని ఇసుక రేణువులు వచ్చాయో లెక్క చెబుతుంటాడు. డ్రైవర్లను కూడా ఉప్పు గాలికి వదిలేయకూడదు. గట్టి ఉక్కు అంటే తుప్పు పట్టని ఉక్కు అని కాదు. పని అయ్యాక నూనె గుడ్డతో ఒకసారి తుడిచి పెట్టెలో పెట్టకపోతే వర్షాకాలంలో వారం తిరగకుండానే కొన మీద ఎర్ర మచ్చలు వస్తాయి.

తుప్పు భయంతో కొందరు కారులోని స్క్రూలన్నిటినీ స్టీలువిగా మార్చేస్తున్నారు. తీరంలో నడిపేవారికి అది మంచిదే కానీ, స్టెయిన్‌లెస్ స్క్రూలు మామూలుగా దొరికేవి ఏ2-70 రకం. నల్లగా ఉండే 12.9 గ్రేడు స్క్రూల కంటే అవి చాలా మెత్తన. పేరులోనే ఉంది ఆ సంగతి: మొదటిది 700 మెగాపాస్కల్స్ లాగుడు తట్టుకుంటే రెండోది 1200 తట్టుకుంటుంది. మెత్తని స్క్రూకు మంచి కొలత ఉన్న డ్రైవర్ అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ అరిగిపోయేది కొన కాదు, గుంట.

అమెరికా పాత మోడళ్లు చేతికి వచ్చినవారు ఇంకో సంగతి చూసుకోవాలి. వాటిలో కొన్ని అంగుళాల కొలతలో ఉంటాయి. 5/64 అంటే 1.98 మి.మీ., కాబట్టి 2.0 కీతో దాదాపు సరిపెట్టుకోవచ్చు. 3/32 అంటే 2.38, ఆ కీని 2.5 మి.మీ. గుంటలో పెడితే దూరుతుంది, తిరుగుతుంది, బాగానే ఉందనిపిస్తుంది, గట్టిగా బిగించబోయే సరికి గుంటను గుండ్రం చేస్తుంది. పైన చెప్పిన ఒంగోలు మిత్రుడు కొన్న పాత ట్రక్కు ముందు యజమాని ఇదే పని చేసి పెట్టాడు, పద్నాలుగు స్క్రూలు కోసి తీయవలసి వచ్చింది. కోయడమంటే, చిన్న రోటరీ మెషిన్‌కు కోత బిళ్ల తగిలించి స్క్రూ తల మీద అడ్డంగా గాడి తీసి, చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పడం. గాడి తీయడానికి చోటు లేని చోట, గుంట కంటే కొంచెం పెద్దదైన టార్క్స్ బిట్‌ను (ఆరు కోణాల నక్షత్రంలాంటి కొన) చిన్న సుత్తితో లోపలికి దిగగొట్టి తిప్పితే చాలాసార్లు వస్తుంది. తీసిన స్క్రూను మళ్లీ వాడకూడదు, పొదుపు అనుకుంటే అక్కడే మోసపోతాం.

బ్యాటరీ స్క్రూడ్రైవర్‌కు తగిలించుకునే హెక్స్ బిట్లు నేను కారు అడుగు పలక విప్పడానికి తప్ప వాడను. క్లచ్చు అతి తక్కువలో పెట్టినా, ప్లాస్టిక్కులోకి దిగే స్క్రూ చివర ఎంత బిగుసుకుందో చేతికి తెలిసినట్టు మెషిన్‌కు తెలియదు.

సాన పట్టడం గురించి అడిగేవారుంటారని చెబుతున్నాను. మూలలు అరిగేది కొన చివర ఒకటి రెండు మి.మీ. మాత్రమే, దాని వెనక కడ్డీ కొత్తదిలాగే ఉంటుంది. ఆ అరిగిన భాగాన్ని సానరాయి మీద నిటారుగా పట్టి అరగదీసేస్తే వెనకున్న పదునైన మూలలు బయటికి వస్తాయి. రెండు క్షణాలు రాయికి తాకించడం, వెంటనే నీళ్లలో ముంచడం, మళ్లీ తాకించడం. తొందరపడి ఒక్క ఊపున పడితే కొన నీలంగా మారుతుంది. నీలం రంగు కనిపించిందంటే ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కి పానం పోయిందని అర్థం, ఆ నీలం భాగం కూడా అరగదీయాలి. నేను మొదటిసారి చేసినప్పుడు అదే జరిగి, ఒక మి.మీ. బదులు మూడు మి.మీ. పోగొట్టుకున్నాను. బాల్ కొనకు ఈ వైద్యం పనికిరాదు.

ప్రస్తుతం నా సంచిలో ఉన్నవి ఇవి: ఎంఐపీ 1.5, 2.0, 2.5, మొండి స్క్రూలకు వెరా కీలు, 3.0కు టపారియా కీ, ఒక గుండుసూది. ఊదారంగు సెట్టు పిడులు మా అబ్బాయి తీసుకున్నాడు, వాటి కొనలు పీకేసి ఏవో బొమ్మ స్తంభాలు చేసుకున్నాడు. సాన పట్టిన 1.5 కొన మళ్లీ మూలలు పోగొట్టుకుంటున్నట్టు అనిపిస్తోంది, పోయిన ఆదివారం పినియన్ బిగించేటప్పుడు ఒకసారి జారబోయి ఆగింది. ఈసారి సాన పట్టకుండా కొత్త కొనే రెండు తెప్పిస్తున్నాను, ఒకటి డ్రైవర్‌కు, ఒకటి సంచికి.